బాహ్య రేడియేషన్ తర్వాత సూదులతో కూడిన బ్రాకీథెరపీ (శరీరం లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్) గురించి సలహా కావాలి

మా అక్కకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 3బి దశలో ఉన్నట్టు తేలింది. కణితి ఒక పక్క కటి గోడ దాకా పాకినందున ఆపరేషన్ కుదరదని, రేడియేషన్‌తోనే నయం చేసే ప్రయత్నం చేస్తామని డాక్టర్లు చెప్పారు. 25 విడతల్లో 45 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం) బాహ్య రేడియేషన్, దానితో పాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఇప్పుడు నడుస్తున్నాయి. పేగులకు తగిలే మోతాదు తగ్గుతుందని కిరణాల తీవ్రతను కణితి ఆకారానికి తగ్గట్టు మార్చే ఐఎంఆర్‌టీ పద్ధతిని ఎంచుకున్నారు.

మా సందేహమంతా తరువాతి దశ గురించే. గర్భాశయంలోకి పంపే గొట్టంతో మాత్రమే బ్రాకీథెరపీ చేస్తే పక్కకు పాకిన భాగానికి మోతాదు చాలదని, అందుకే సూదులు కూడా గుచ్చి, ఎమ్మారై చూసి ప్లాన్ చేయాలని ఒక డాక్టరు అంటుండగా, తమ దగ్గర ఆ సదుపాయం లేదు కాబట్టి ఎస్‌బీఆర్‌టీతో (బయటి నుంచే గురిపెట్టి కొద్ది విడతల్లో ఎక్కువ మోతాదు ఇచ్చే రేడియేషన్) సరిపెట్టవచ్చని మరొకరు అంటున్నారు. కణితి లోపలి నుంచే ఎక్కువ మోతాదు అందించి, కొద్ది దూరంలోనే తగ్గిపోయే బ్రాకీథెరపీకి ఎస్‌బీఆర్‌టీ సాటి రాదనే నేను చదివినంతలో అర్థమైంది. అయితే మొత్తం చికిత్స 8 వారాలలోపు ముగియాలంటారు కనుక, ఆసుపత్రి మారితే జాప్యం జరుగుతుందేమోనన్న భయమూ ఉంది.

సూదులతో చేయించుకున్నవారు గానీ, ఈ విభాగంలో పనిచేస్తున్నవారు గానీ దయచేసి చెప్పగలరా: మత్తు ఎలా ఇస్తారు, సూదులు ఎంతసేపు ఉంచుతారు, బాహ్య రేడియేషన్ ముగియకముందే రెండో ఆసుపత్రిలో తేదీ ఖరారు చేసుకోవచ్చా?