మే రెండో పక్షంలో కేదార్‌నాథ్: వాతావరణ సూచనలను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న (కరీంనగర్ నుంచి)

అందరికీ నమస్కారం. మే నెల రెండో పక్షంలో అమ్మానాన్నలను తీసుకుని కేదార్‌నాథ్, బదరీనాథ్ దర్శనానికి వెళ్లాలనుకుంటున్నాము. నాన్నగారికి అరవై ఆరేళ్లు. నడవగలరు గానీ చలి పడదు. కేదార్‌నాథ్‌లో ఒకే రోజు పగటి ఉష్ణోగ్రత ఒక యాప్‌లో 12 డిగ్రీలు, మరొక యాప్‌లో 4 డిగ్రీలు ఉంటుందని చూపిస్తోంది. రెండింటిలోనూ వారం పొడవునా వాన, పిడుగు గుర్తులే ఉన్నాయి. పైగా రుద్రప్రయాగ్ జిల్లాకు పసుపు రంగు హెచ్చరిక జారీ అయిందని వార్తల్లో చూశాను. ఇక్కడేమో ఎండకు బయట అడుగు పెట్టలేకపోతున్నాము. ఈ సూచనల్లో దేన్ని నమ్మాలి? ప్రయాణాన్ని జూన్ నెలాఖరుకు వాయిదా వేసుకోవడం మంచిదా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1 (ఉద్యోగరీత్యా డెహ్రాడూన్‌లో ఉంటున్నాను)

నమస్కారమండీ. ముందుగా ఆ రెండు ఉష్ణోగ్రతల సంగతి చెబుతాను. యాప్‌ల వెనకుండే కంప్యూటర్ వాతావరణ నమూనాలు భూమిని కొన్ని కిలోమీటర్ల వెడల్పున్న గడులుగా విభజించి, ఒక్కో గడికి ఒక సగటు ఎత్తును తీసుకుని లెక్క కడతాయి. మన కరీంనగర్‌లాంటి మైదానంలో దీనివల్ల పెద్ద తేడా రాదు. కేదార్‌నాథ్ దగ్గర మాత్రం ఒకే గడిలో లోతైన మందాకిని లోయ, దానిపైన 6,900 మీటర్లు దాటిన శిఖరం రెండూ ఉండవచ్చు. ఆలయం ఉన్న ఎత్తు సుమారు 3,580 మీటర్లు, మీరు నడక మొదలుపెట్టే గౌరీకుండ్ ఎత్తు సుమారు 1,980 మీటర్లు. ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, కింద చెమట పట్టే వేళకు పైన పది డిగ్రీలు తక్కువే ఉంటుంది. అందువల్ల యాప్ చూపే అంకెను పట్టించుకునే ముందు, అది ఏ ఎత్తుకు లెక్కించిందో చూడండి. కొన్ని యాప్‌లు ఊరి పేరు పక్కనే ఎత్తును చూపుతాయి.

ఇక వాన గుర్తుల గురించి. మే నెలలో ఇక్కడ రెండు రకాల వానలు పడతాయి, వాటిని కలిపి చూస్తే అనవసరంగా భయపడతాము. మొదటిది రోజువారీ వాన. ఉదయం ఎండకు వాలులు వేడెక్కి, లోయలోని గాలి పైకి ఎగబాకి, మధ్యాహ్నానికి శిఖరాల మీద మబ్బులు కమ్ముతాయి. రెండు మూడు గంటల వేళ ఉరుములు, వడగళ్లతో ఒక జల్లు కురిసి, చాలా రోజుల్లో సాయంత్రానికల్లా తెరిపి ఇస్తుంది. యాప్ ఆ ఒక్క జల్లును చూసి రోజంతటికీ పిడుగు గుర్తు పెడుతుంది. రెండోది వెస్టర్న్ డిస్టర్బెన్స్ వల్ల పడే వాన. మధ్యధరా సముద్రం వైపు నుంచి ఎగువ గాలులతో కలిసి వచ్చే ఈ అలజడులు చలికాలంలో ఎక్కువగా, మే నెలలో తక్కువగా వస్తాయి. వచ్చినప్పుడు మాత్రం ఒకటి రెండు రోజులు మబ్బు విడవదు, ఆలయం దగ్గర మంచు కురుస్తుంది. 2023లో ఏప్రిల్ చివర, మే మొదట్లో ఇలాగే మంచు పడడంతో కేదార్‌నాథ్ యాత్ర రిజిస్ట్రేషన్లను కొన్నాళ్లు నిలిపివేశారు. మీరు జాగ్రత్త పడవలసింది ఈ రెండో రకం విషయంలోనే. దాని రాకను వాతావరణ శాఖ సాధారణంగా కొన్ని రోజుల ముందే చెబుతుంది.

పసుపు రంగు హెచ్చరిక వచ్చిందని ప్రయాణం మానుకోనక్కర్లేదు. అప్రమత్తంగా ఉంటూ తాజా సమాచారం చూసుకోండని దాని అర్థం. నారింజ రంగు వస్తే సిద్ధంగా ఉండాలి, ఎరుపు వస్తే కదలకూడదు. రంగుతో పాటు కింద రాసిన వాక్యాన్ని కూడా చదవండి. మన తెలుగు బులెటిన్లలో వినే ‘ఒకటి రెండు చోట్ల’ అనే మాట ఇక్కడి బులెటిన్లలోనూ ఉంటుంది. జిల్లాలోని వాతావరణ కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడవచ్చని దాని భావం. ‘3,500 మీటర్లకు పైన మంచు’ అని ఉంటే మాత్రం అది నేరుగా మీకు సంబంధించినదే, ఎందుకంటే ఆలయం ఆ హద్దుకు కాస్త పైనే ఉంది. రుద్రప్రయాగ్ పట్టణం వెయ్యి మీటర్ల లోపే ఉంది, ఆలయం కూడా అదే జిల్లాలో ఉంది. జిల్లా మొత్తానికి ఇచ్చిన ఒకే హెచ్చరిక రెండు చోట్లా ఒకేలా వర్తించదు.

సమాధానం 2 (గుంటూరు నుంచి)

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మా అత్తగారిని, మామగారిని మే నెలలోనే తీసుకువెళ్లాను కనుక ఆచరణలో ఉపయోగపడే మాటలు కొన్ని చెబుతాను. దారి 16 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. తెల్లవారుజామునే గౌరీకుండ్‌లో బయలుదేరి, మధ్యాహ్నం మబ్బు పట్టేలోపు కనీసం దారిలోని లించౌలీ మజిలీ దాటేలా చూసుకోండి. మేము భీంబలీ దాటాక ఒక రేకుల దుకాణంలో ఆగాము. అప్పటిదాకా చొక్కా చేతులు మడిచి నడుస్తున్న వాళ్లమే, వడగళ్లు రేకుల మీద మోగడం మొదలైన పావుగంటలో మామగారి చేతివేళ్లు కొయ్యబారిపోయాయి, టీ గ్లాసు కూడా సరిగా పట్టుకోలేకపోయారు. మంచు కన్నా తడిసిన ఒంటికి తగిలే చల్లగాలి పెద్దవాళ్లకు ఎక్కువ ప్రమాదం అని నేను గట్టిగా నమ్ముతున్నాను. రోహిణి కార్తె ఎండల్లోంచి బయలుదేరుతాము కాబట్టి పెట్టెలో నూలు బట్టలే సర్దుకుంటాము. నూలు తడిస్తే ఆరదు. ఒంటికి ఆనుకుని ఉన్ని లోదుస్తులు, పైన నడుము కిందికి వచ్చే మంచి రెయిన్‌కోటు, ప్లాస్టిక్ సంచిలో కట్టిన ఒక జత పొడి మేజోళ్లు, చేతి తొడుగులు నాన్నగారి దగ్గరే ఉంచండి. గుర్రం మీద వెళ్లేవారికి ఒళ్లు కదలదు కాబట్టి నడిచేవారి కన్నా ఎక్కువ చలి వేస్తుంది.

అన్నింటికన్నా ముఖ్యంగా, తిరుగు టికెట్టుకు ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. వాతావరణం బాగాలేకపోతే గౌరీకుండ్‌కు ముందున్న సోన్‌ప్రయాగ్ వద్దే యాత్రికులను ఆపేస్తారు. ఆ ఖాళీ రోజు లేనివాళ్లే అక్కడ పోలీసులతో వాదనకు దిగి, తెరిపి ఇవ్వకముందే పైకి వెళ్లాలని తొందరపడతారు.

సమాధానం 3 (హైదరాబాద్ నుంచి)

జూన్ నెలాఖరుకు మార్చుకోవద్దని నా విన్నపం. ఉత్తరాఖండ్‌కు నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ 20 ప్రాంతంలో చేరుకుంటాయి. ఆ తర్వాత చలి తగ్గినా కొండచరియలు విరిగిపడి దారులు మూసుకుపోతుంటాయి. ఒక్కోసారి రుతుపవనాలు ముందే వస్తాయి కూడా. 2013లో అవి జూన్ 16 నాటికే దేశమంతా విస్తరించాయి, ఆ 16, 17 తేదీల్లోనే ఎడతెగని వానలకు ఆలయానికి ఎగువనున్న చోరాబారీ సరస్సు గట్టు తెగి కేదార్‌నాథ్‌ను వరద ముంచెత్తింది. మే నెలలో కురిసే మంచు చాలాసార్లు మీ ప్రయాణాన్ని ఒకటి రెండు రోజులు ఆపుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇంత ఓపికగా వివరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. అయితే మే నెలలోనే, ఒక రోజు అదనంగా పెట్టుకుని వెళతాము. ఒక్క సందేహం మిగిలింది. నాన్నగారిని ఫాటా నుంచి హెలికాప్టర్‌లో పంపితే వాతావరణం బాధ తప్పుతుందా?

సమాధానం 1 రాసినవారు

నడక శ్రమ తప్పుతుంది గానీ వాతావరణం మీద ఆధారపడడం ఇంకా పెరుగుతుంది. ఆ ఇరుకు లోయలో పైలట్లు కంటికి కనిపించే దారిని బట్టి నడపాలి, మబ్బు దిగితే సర్వీసులు ఆగిపోతాయి. ఉదయం వేళ మేలన్న మాట నిజమే, కానీ రాత్రి వాన పడితే తెల్లవారుజామున లోయలో మబ్బు పేరుకుని ఉంటుంది. 2025 జూన్ 15 తెల్లవారుజామున గౌరీకుండ్ దగ్గర హెలికాప్టర్ కూలి ఏడుగురు మరణించిన రోజున కూడా దృశ్యత సరిగా లేదు. టికెట్టు తీసుకోండి, అయితే ఆ రోజు ఎగరలేమని చెబితే ఒత్తిడి చేయకుండా, నాన్నగారికి డోలీ లేదా గుర్రం కుదుర్చుకునే ఏర్పాటు కూడా ముందే చూసుకోండి. బయలుదేరే ముందు రోజు సాయంత్రం వాతావరణ శాఖ డెహ్రాడూన్ కేంద్రం బులెటిన్‌ను, ఆ రోజు ఉదయం మూడు గంటల వ్యవధికి ఇచ్చే తక్షణ సూచనను చూడండి. పిడుగు హెచ్చరికల కోసం దామిని యాప్‌ను ఇంటి దగ్గరే ఫోనులో వేసుకుని వెళ్లండి, దారిలో చాలా చోట్ల సిగ్నల్ అందదు.