స్క్రీన్ ఉన్న కారు కీ: ఛార్జింగ్ అయిపోతే డోర్ తెరుచుకుంటుందా?

గేర్‌బాక్స్9
బీఎండబ్ల్యూ డిస్‌ప్లే కీ గురించి మూడు సందేహాలు. ఒకటి, ఛార్జింగ్ పూర్తిగా అయిపోతే కారు తెరిచి స్టార్ట్ చేయడం ఎలా? రెండు, స్క్రీన్ మీద "లాక్" అని ఉంటే నమ్మొచ్చా? మూడు, ఆన్‌లైన్‌లో దొరికే యూనివర్సల్ ఎల్‌సీడీ కీ ఇదే పని చేస్తుందా?

స్టీరింగ్‌లాక్
ఆ కీలో స్క్రీన్ వేరు, తాళం వేరు అనుకోండి. ఛార్జ్ తగ్గితే ముందు ఆరిపోయేది స్క్రీనే. లాక్, అన్‌లాక్ బటన్లు ఆ తర్వాత కూడా కొంతకాలం పనిచేస్తాయి. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితేనే అవి ఆగుతాయి.

అప్పుడు కీ లోపలున్న లోహపు తాళంచెవిని బయటికి లాగి డ్రైవర్ డోర్ తెరవాలి. అలారం మోగొచ్చు, కంగారు పడకండి. స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం వెనక ఉండే భాగం) మీద కీ గుర్తు ఉంటుంది. కీ వెనక భాగాన్ని అక్కడ ఆనించి, బ్రేక్ తొక్కి స్టార్ట్ బటన్ నొక్కండి. కీలోని ట్రాన్స్‌పాండర్‌కు (కారు తన కీని గుర్తుపట్టే చిప్) బ్యాటరీ అక్కర్లేదు, కాలమ్‌లోని కాయిల్ నుంచే శక్తి తీసుకుంటుంది. ఇంజన్ స్టార్ట్ కాగానే అలారం ఆగుతుంది. స్టార్ట్ కాకపోతే కీని కొంచెం పైకీ కిందికీ జరిపి చూడండి. ఫోన్‌ను మాత్రం దగ్గర పెట్టొద్దు, అది సిగ్నల్‌కు అడ్డొస్తుంది.

వోల్ట్‌మీటర్
ఛార్జింగ్ సంగతి నేను కలుపుతా. కారులోని వైర్‌లెస్ ట్రేలో స్క్రీన్ పైకి ఉండేలా పెట్టాలి. కీరింగ్, నాణెం లాంటి లోహం మధ్యలో చేరితే వేడెక్కుతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది. చాలాకాలం వాడకుండా పడేసిన కీ ట్రేలో మేలుకోకపోతే పాడైందని తేల్చేయకండి: లిథియం సెల్ బాగా దిగిపోతే రక్షణ సర్క్యూట్ దాన్ని కట్ చేసి ఉంచుతుంది. మైక్రో యూఎస్‌బీ కేబుల్‌తో మామూలు 5 వోల్టుల ఛార్జర్‌కు పెట్టి కొన్ని గంటలు వదిలేయండి. పక్కన పెట్టేసే కీని సగం ఛార్జ్‌లో ఉంచడం మేలు. ఎండలో నిలిపిన కారులో వదిలితే సెల్ ఉబ్బి స్క్రీన్ అంచు లేవొచ్చు. అలా లేచిందంటే ఇక ఛార్జ్ చేయొద్దు.

రెండో ప్రశ్నకు: కారు రేడియో పరిధిలో ఉంటే చూపేది నిజమే. పరిధి దాటితే చివరిసారి అందిన సమాచారమే కనిపిస్తుంది. పార్కింగ్ నుంచి దూరం వెళ్లాక చూసి "లాక్ అయింది" అనుకోవడం సరికాదు.

ఇమ్మొబిలైజర్
మూడో ప్రశ్నకు సూటిగా చెప్తా: అదే పని చేయదు. యూనివర్సల్ కీల్లో చాలావాటికి కారు నుంచి సమాచారమే రాదు. మీరు లాక్ బటన్ నొక్కితే స్క్రీన్ మీద బొమ్మ మారుతుంది, అంతే. డోర్ సరిగా పడిందో లేదో దానికి తెలియదు. పెట్రోల్‌తో ఎంత దూరం వెళ్లొచ్చో చూపాలంటే ఓబీడీ పోర్టుకు (కారు కంప్యూటర్ సమాచారం చదివే సాకెట్) కలిపే పెట్టె కావాలి.

యూనివర్సల్ కీ బిగించేటప్పుడు తప్పులు జరిగేది రెండు చోట్ల. పాత కీ బోర్డును కొత్త కేసులోకి మార్చేటప్పుడు ట్రాన్స్‌పాండర్ చిప్ విడిగా ఉందేమో చూడండి. అది పాత కేసులోనే ఉండిపోతే డోర్లు తెరుచుకుంటాయి, ఇంజన్ మాత్రం స్టార్ట్ కాదు. రెండోది, బటన్ సెల్‌తో నడిచే పాత కీ బోర్డు 3 వోల్టులకు చేసింది. కొత్త కేసులోని లిథియం సెల్ నిండుగా ఉంటే 4.2 వోల్టులు ఇస్తుంది. మధ్యలో వోల్టేజీ తగ్గించే రెగ్యులేటర్ లేకుండా నేరుగా సోల్డర్ చేస్తే బోర్డు పోతుంది. బోర్డుకు కలపకముందే రెగ్యులేటర్ నుంచి వచ్చేది 3.0–3.3 వోల్టుల మధ్య ఉందో లేదో మల్టీమీటర్‌తో చూసుకోండి. ఈ పని ఎప్పుడూ స్పేర్ కీ చేతిలో ఉన్నప్పుడే!

అసలు కీని కారులోపలే దాచి, కొత్త రిమోట్‌తో దాన్ని నడిపించే కిట్లు కూడా ఉన్నాయి. వాటి జోలికి వెళ్లొద్దు. అద్దం పగలగొట్టి లోపలికి దూరినవాడికి స్టార్ట్ చేసే కీ సిద్ధంగా దొరికినట్టే. దొంగతనం జరిగితే బీమా క్లెయిమ్ దగ్గరా ఇబ్బందే.

గేర్‌బాక్స్9
థాంక్సండీ. వేరే కారు నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ డిస్‌ప్లే కీ కొంటే?

స్టీరింగ్‌లాక్
ఒక కారుకు రాసిన కీ ఇంకో కారుకు మామూలుగా రిజిస్టర్ కాదు. కొత్త కీని మీ కారు ఛాసిస్ నంబర్, ఆర్‌సీ చూపించి డీలర్ ద్వారానే ఆర్డర్ చేయాలి. అదే సమయంలో, పోయిన కీ ఏదైనా ఉంటే దాన్ని కారు మెమరీలో బ్లాక్ చేయించండి.