దీనారమా, దేనారమా? తాతగారి పెట్టెలోని రోమను నాణేలకు ఏ పేరు రాయాలి

ప్రశ్న:

భాషాభిమానులకు నమస్కారం. నల్లగొండలో చాలాకాలం ఉద్యోగం చేసిన మా తాతగారి పాత నాణేల పెట్టె ఈ మధ్య నా చేతికి వచ్చింది. నిజాం కాలపు రాగి డబ్బుల మధ్య ఒక కాగితపు పొట్లంలో రెండు నాణేలు వేరుగా ఉన్నాయి. ఒకటి వెండిది, ఇప్పటి రూపాయి బిళ్ల కంటె చిన్నది. దాని మీద ఒక వైపు ఆకుల దండ కట్టుకున్న పురుషుని తల, మరొక వైపు ఆసనం మీద కూర్చున్న స్త్రీ ఉన్నారు. రెండవది బంగారుది. బొమ్మలు అవే, కాని తల మీద అడ్డంగా ఒక గాటు ఉంది, పైన చిన్న కొక్కెం టంకం వేసి అతికించి ఉంది. పొట్లం మీద తాతగారు రెండింటికీ కలిపి 'దీనారములు' అని రాసుకున్నారు. శ్రీనాథుని 'దీనార టంకాల తీర్థమాడించితి' అన్న చాటువులోని దీనారాలు ఇవేనా? చీటీ మీద ఏ పేరు రాయడం సముచితం? వీటి విలువను ఎలా నిర్ణయిస్తారు?

జవాబు:

అయ్యా, మీ వర్ణనను బట్టి రెండూ టిబేరియస్ చక్రవర్తి నాణేలుగా తోస్తున్నాయి. ఆయన క్రీ.శ. 14 నుంచి 37 వరకు పాలించాడు. తల చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాలను భూతద్దంతో చదవండి. 'టిబేరియస్ సీజర్, దివ్యుడైన ఆగస్టస్ కుమారుడు, ఆగస్టస్' అనే అర్థం వచ్చే సంక్షిప్త పదాలు ఉండాలి. స్త్రీ బొమ్మ వైపు 'పాంటిఫ్ మాక్సిమ్', అంటే ప్రధాన పురోహితుడు, అని ఉండాలి. ఆమె చేతుల్లో రాజదండం, కొమ్మ కనిపిస్తాయి. ఆగస్టస్, టిబేరియస్‌ల వెండి నాణేలు మన నేలలో కుప్పలుగా దొరికాయి. మీ నల్లగొండ జిల్లా అక్కనపల్లెలో ఒక్కచోటనే 1,531 బయటపడ్డాయి. కాబట్టి తాతగారికి అవి అక్కడ దొరకడంలో వింత లేదు.

ఇక మాట సంగతి. 'దీనార' శబ్దం దేనారియస్ అనే రోమను నాణెం పేరు నుంచి సంస్కృతంలోకి వచ్చింది. లాటిన్‌లో దేనారియస్ అంటే పదేసి విలువ గలది. క్రీ.పూ. 211 ప్రాంతంలో దానిని మొదట ముద్రించినప్పుడు అది 10 'ఆస్' అనే కంచు నాణేలకు సమానం. తరువాత 16 అయింది గాని పేరు మారలేదు. అందులోని పదికి లాటిన్ మాట 'దెకెమ్', మన 'దశ'కు సోదర శబ్దం. అంటే సంస్కృతం పరాయి మాటను ఎరువు తెచ్చుకున్నాననుకుంది గాని, ఆ మాట గర్భంలో ఉన్నది తన దాయాదే!

అసలు దేనారియస్ వెండిది. అటువంటివి 25 కలిస్తే ఒక బంగారు నాణెం. దాని పేరు ఆరియస్. దానినే 'బంగారు దేనారియస్' అని కూడా అనేవారు. మన దేశానికి వచ్చేసరికి విశేషణం జారిపోయి 'దీనార' అంటేనే బంగారం అయింది. గుప్తుల శాసనాలలో దీనారాలంటే బంగారు నాణేలే. అమరకోశం నిష్క శబ్దానికి దీనారాన్ని ఒక అర్థంగా చెప్పింది. తెలుగు నేల మీద దీనికి పాత సాక్ష్యం నాగార్జునకొండ: 3వ శతాబ్దిలో ఉజ్జయిని రాజపుత్రి రుద్రధర భట్టారిక మహాచైత్యపు స్తంభానికి 170 'దినారి మాసకాలు' ఇచ్చినట్లు అక్కడి ప్రాకృత శాసనం చెబుతుంది.

శ్రీనాథునివి మాత్రం ఇవి కావు. ఆయనకు కనకాభిషేకం చేసిన ప్రౌఢదేవరాయలు 15వ శతాబ్ది వాడు. అప్పటికి ఇటువంటి రోమను నాణేలు చలామణి నుంచి పోయి ఎన్నో శతాబ్దాలు దాటింది. ఆ చాటువులో చెప్పిన ముత్యాలశాలలో కురిసినవి విజయనగరపు సొంత బంగారు నాణేలై ఉంటాయి. పాత మాట బరువుగా పలుకుతుందని కవి దానిని ఎన్నుకున్నాడు.

మరొక సభ్యులు:

'దీనులకు ఇచ్చేది గనుక దీనారం' అని మా గురువుగారు చెప్పేవారు. ఆ వ్యుత్పత్తిని కొట్టివేయవలసిందేనా?

జవాబు:

వినడానికి బాగుంది గాని చరిత్ర ఒప్పదు. చేతికి వచ్చిన మాటకు ఇంటి బట్ట కట్టడం మనకు అలవాటే. గ్రీకు 'ద్రఖ్మే' మన దేశంలో ద్రమ్మమై, దామై, దమ్మిడీ దాకా దిగివచ్చింది. 'దమ్మిడీకి కొరగాడు' అని తిట్టేవారెవరికీ గ్రీకు గుర్తుకు రాదు.

ఒక సభ్యురాలు:

నేనొక సంగతి చేర్చదలిచాను. మా ఇంట్లో చిన్ననాటి నుంచి చదివిన తెలుగు బైబిలులో ఇదే మాట 'దేనారము' అని ఉంటుంది. పన్నురూక చూపమని యేసు అడిగితే వారు తెచ్చినది దేనారము. 'కైసరువి కైసరునకు' అన్న మాట దాని మీది బొమ్మను చూపించి అన్నదే. ఆ కైసరు టిబేరియస్ అయి ఉంటాడని, ఆ నాణెం మీ వెండిదాని వంటిదే కావచ్చునని చాలామంది నమ్ముతారు. మా అన్నయ్య కువైట్ నుంచి పంపేది 'దినారు', అది అరబ్బీ దారిన వచ్చింది. ఒకే మాట మన ఇళ్లలోకి మూడు ద్వారాల గుండా వచ్చిందన్నమాట.

జవాబు:

అమ్మా, మీరు చెప్పినదే ఈ చర్చకు తాళపుచెవి. గ్రీకు మూలంలోని 'దేనారియొన్' ఏకారం బైబిలు తెలుగులో నిలిచింది. సంస్కృతం ద్వారా వచ్చినదానిలో ఈకారమైంది. ఈ రెండు రూపాలను మనం పనికి వాడుకోవాలని నా సూచన. వెండి నాణేనికి 'దేనారం' అని, బంగారు దానికి 'ఆరియస్' అని రాయాలి. 'దీనారం' అన్న మాటను శాసనాలకూ కావ్యాలకూ విడిచిపెట్టాలి. ఒకే చీటీ మీద రెండింటికీ దీనారం అని ఉంటే, రేపు చూసినవాడు 1కి 25 తేడా ఉన్న వస్తువులను ఒక్కటిగా చదువుతాడు.

విలువ విషయంలో మొదటి పని త్రాసు. టిబేరియస్ దేనారం 3.7 గ్రాముల ప్రాంతంలోను, ఆరియస్ 7.7 గ్రాముల ప్రాంతంలోను ఉండాలి. వెండిది బాగా తేలికగా ఉండి అంచున ఎరుపు కనిపిస్తే, అది రాగి మీద వెండి పూత వేసినది కావచ్చు. అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ఉపరితలం మీద సూదిమొన గుంతలు ఉంటే పోత పోసిన నకలేమోనని అనుమానించాలి. అక్షరాలు అర్థం లేకుండా గజిబిజిగా ఉంటే, అది ఆనాడే మన దేశంలో చేసిన అనుకరణ కావచ్చు. దానికి వేరే ఆసక్తి ఉంటుంది. దయచేసి చింతపండుతోనో విభూతితోనో తోమవద్దు. ఆ నలుపు పోతే వెల సగం పోయినట్లే. అమ్మేవారు చెప్పే ధరను కాక, అదే రాజు, అదే బొమ్మ, అదే అరుగుదల ఉన్న నాణెం వేలంలో నిజంగా ఎంతకు పోయిందో చూడండి. బైబిలు పేరు వల్ల ఈ దేనారానికి, విరివిగా దొరికినా, గిరాకీ ఎక్కువ.

అవి భూమిలో దొరికినవైతే 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. నూరేళ్లు దాటిన నాణేలను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని 1972 చట్టం నిషేధించింది.

ప్రశ్నించినవారు:

కృతజ్ఞతలు. తూచాను. వెండిది 3.6, బంగారుది కొక్కెంతో కలిపి 8.1 గ్రాములు. అక్షరాలు మీరు చెప్పినట్లే ఉన్నాయి. గాటును, కొక్కేన్ని కంసాలి చేత సరిచేయించవచ్చునా?

జవాబు:

వద్దు. కొక్కెం వల్ల వెల తగ్గిన మాట నిజమే. తీయిస్తే నిప్పు సెగకు నాణెం ఇంకా పాడవుతుంది. తల మీది అటువంటి గాట్లు మన దేశంలో దొరికిన రోమను నాణేల మీద తరచుగా కనిపిస్తాయి. కనుక అది మీ నాణెం ఇక్కడ తిరిగిందనడానికి ఆనవాలు. సంస్కృతంలో టంకం అంటే ఉలి, నాణెం కూడా; తెలుగులో అతుకు వేసే లోహమూ టంకమే. మీ ఆరియస్ మీద ఆ మూడూ ఒక్కచోట ఉన్నాయి. కొత్త చీటీతో పాటు తాతగారు 'దీనారములు' అని రాసిన పొట్లం కాగితాన్ని కూడా భద్రపరచండి. ఈ నాణేలు తాతగారి నుంచి వచ్చాయని చెప్పగలిగేది ఇప్పుడు ఆ కాగితం ఒక్కటే.