స్టాక్ సైట్‌కి (ఫొటోలు అమ్మిపెట్టే వెబ్‌సైట్) 30 ఫొటోలు పంపితే 22 తిప్పి కొట్టారు, తప్పెక్కడ?

గోదారిగట్టు:
కెమెరా 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్. లెన్సులు 18-55 కిట్, 50 ఎంఎం ఎఫ్/1.8. పంపిన 30లో 22కి వచ్చిన కారణాలు నాయిస్, ఫోకస్, సిమిలర్ కంటెంట్, ఇంటలెక్చువల్ ప్రాపర్టీ. పంపినవి సూర్యాస్తమయాలు, గులాబీలు, చార్మినార్ దగ్గరి బజారు, ఇంట్లో వేసిన పెసరట్టు. లెన్స్ మార్చాలా, సబ్జెక్టులు మార్చాలా? అమెరికా ట్యాక్స్ ఫారం అంటున్నారు, అదేంటి? డబ్బు మన బ్యాంకు ఖాతాకి ఎలా చేరుతుంది?

ఎఫ్8_చాలు:
లెన్స్ కొనకండి, ఉన్నవి చాలు.

నాయిస్ సంగతి ముందు. సూర్యాస్తమయంలో ఆకాశం బాగుండాలని తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసి, తర్వాత ఎడిటింగ్‌లో నీడల్ని పైకి లాగుతాం. చీకటి భాగంలో రంగు చుక్కలు బయటపడేది అక్కడే. ట్రైపాడ్ వేసి ఐఎస్‌వో (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం) 100లో తీయండి. వెలుగు తేడా మరీ ఎక్కువగా ఉంటే నేలను నల్లగానే వదిలేయండి. నాయిస్ రిడక్షన్ గట్టిగా తోస్తే ఆకులు, చర్మం మైనం పూసినట్టవుతాయి, అప్పుడు అదే ఫొటో ఫోకస్ పేరుతో వెనక్కొస్తుంది. పంపేముందు 100 శాతం జూమ్‌లో నాలుగు మూలలూ చూడాలి.

50 ఎంఎంని ఎఫ్/1.8లో, అంటే లెన్స్ పూర్తిగా తెరిచి పెట్టి పెసరట్టు తీస్తే ముందు అంచు ఒక్కటే పదునుగా ఉంటుంది, పక్కన అల్లం పచ్చడి కూడా మసకే. ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8 మధ్య ఉంచండి. కిట్ లెన్స్ కూడా ఎఫ్/8లో బాగా పనిచేస్తుంది, 18 ఎంఎం దగ్గర కొమ్మల అంచుల్లో వచ్చే ఊదా గీతని ఎడిటింగ్‌లో తీసేయండి. సెన్సర్ మీద దుమ్ముందేమో తెలియాలంటే ఎఫ్/16లో ఖాళీ ఆకాశాన్ని ఒక్కటి తీసి చూడండి. బూడిదరంగు చుక్కలు కనిపిస్తాయి.

ఇంకో చిన్న ఉపాయం. 6000×4000 ఫొటోని 4000×2667కి తగ్గించి పంపితే సన్న నాయిస్ చాలావరకు అణిగిపోతుంది. అప్పటికీ 10 మెగాపిక్సెల్ దాటే ఉంటుంది, షటర్‌స్టాక్, అడోబీ స్టాక్ సైట్లు రెండూ అడిగేది కనీసం 4. చిన్న ఫొటోని సాగదీయడం మాత్రం వద్దు. సేవ్ చేసేటప్పుడు కలర్ స్పేస్ (రంగుల పద్ధతి) ఎస్‌ఆర్‌జీబీ పెట్టండి.

సిమిలర్ కంటెంట్ అంటే ఒకే కోణంలో నాలుగైదు పంపారన్నమాట. ఒక ప్లేటు నుంచి మూడు చాలు: నిలువుగా పైనుంచి, పక్కవాటుగా, చెయ్యి ముక్క తుంచుతున్నది.

కాగితాలపులి:
ఇంటలెక్చువల్ ప్రాపర్టీ దెబ్బ బజారు ఫొటోలకే తగిలి ఉంటుంది. దుకాణాల బోర్డులు, ఫోన్ కంపెనీల లోగోలు, గుర్తుపట్టగలిగే ముఖాలు ఉన్న ఫొటో కమర్షియల్ (ప్రకటనలకి వాడే) విభాగం కింద వెళ్లదు. గుర్తుపట్టగలిగే ప్రతి మనిషి దగ్గరా మోడల్ రిలీజ్ (ఫొటో వాడుకోవచ్చన్న అనుమతి పత్రం) కావాలి, దాని మీద సాక్షి సంతకం కూడా ఉండాలి. పిల్లలైతే తల్లో తండ్రో సంతకం పెట్టాలి. బజారులో అది అయ్యే పని కాదు కాబట్టి ఎడిటోరియల్ కింద పెట్టండి. దానికి రిలీజ్ అక్కర్లేదు, కానీ ప్రకటనల్లో వాడుకోవడానికి కొనరు, వార్తలకీ వ్యాసాలకీ కొంటారు.

ఎడిటోరియల్‌కి షటర్‌స్టాక్‌లో క్యాప్షన్ పద్ధతి ఉంది: ముందు ఊరు, దేశం, గీత, తీసిన తేదీ, కోలన్, ఆ తర్వాతే విషయం. తేదీ తప్పితే క్యాప్షన్ పేరుతో తిరస్కరిస్తారు. ఫొటోలోంచి కరెంటు తీగలు చెరిపేయడం లాంటివి ఇక్కడ కుదరవు. అడోబీలో ఉన్న ఇలస్ట్రేటివ్ ఎడిటోరియల్ విభాగం గుర్తుపట్టగలిగే మనుషుల్ని తీసుకోదు, కాబట్టి ఈ బజారు ఫొటోలు షటర్‌స్టాక్‌కో అలామీకో వెళ్లాలి. అలామీ 17 ఎంబీ అడుగుతుంది, అది జేపెగ్ ఫైలు బరువు కాదు, విప్పిన తర్వాతి సైజు. 6 మెగాపిక్సెల్ దాటితే వచ్చేస్తుంది. అక్కడ ఒక్క ఫొటో నాణ్యత తప్పినా ఆ విడతలో పంపినవన్నీ పోతాయి, అందుకని చిన్న విడతలుగా పంపండి.

చార్మినార్, గోల్కొండ పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలు. లోపల ట్రైపాడ్‌కి అనుమతి కావాలి.

కందిపొడి:
సూర్యాస్తమయాలూ గులాబీలూ వదిలేయండి. లక్షల్లో ఉన్నాయి, మీది కనిపించేలోపు ఏళ్లు గడుస్తాయి. ఆ పెసరట్టే మీ సరుకు. నానిన పెసలు, రుబ్బిన పిండి, పెనం మీద అట్టు, ఉప్మా పెట్టి మడిచింది, అలా వరసగా తీయండి. ఒక పక్క ఖాళీ జాగా వదిలితే కొన్నవాళ్లు అక్కడ అక్షరాలు వేసుకుంటారు.

కీవర్డులు (కొనేవాళ్లు ఫొటో వెతికే పదాలు) ఇంగ్లీషులోనే ఇవ్వాలి. అయితే పెసరట్టు అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఊరుకుంటే మనవాళ్లకే దొరుకుతుంది. పక్కన గ్రీన్ గ్రామ్ దోశ, మూంగ్ దోశ, ఆంధ్ర బ్రేక్‌ఫాస్ట్ కూడా ఉండాలి. గోంగూరకి రోసెల్, సారెల్ లీవ్స్ అని పెట్టాలి, స్పినాచ్ అని పెట్టారంటే పాలకూర వెతికేవాళ్లకి కనపడి ఎవరూ కొనరు. అడోబీలో 49 దాకా ఇవ్వొచ్చు, మొదటి పదికే బరువెక్కువ, వరస ముఖ్యం. షటర్‌స్టాక్‌లో కనీసం 7, గరిష్ఠం 50. నిజంగా సరిపోయేవి 25 ఉంటే చాలు.

బతుకమ్మ, సంక్రాంతి ముగ్గు, ఉగాది పచ్చడి పండగ రోజున పెడితే ఆలస్యమైనట్టే. పత్రికలూ ప్రకటనల వాళ్లూ ముందే కొనేసి ఉంటారు, రెండు మూడు నెలల ముందు సైట్‌లో ఉండాలి. అంటే ఈ ఏడు తీసింది వచ్చే ఏటికి. బతుకమ్మలో తంగేడు, గునుగు విడివిడిగా కూడా తీసి శాస్త్రీయ నామాలు ఇవ్వండి, మొక్కల పుస్తకాల వాళ్లు వాటితోనే వెతుకుతారు.

కాగితాలపులి:
డబ్బు మాట మిగిలింది. షటర్‌స్టాక్‌లో అమ్మకంలో మన వాటాకి 15 నుంచి 40 శాతం దాకా ఆరు మెట్లు, ఏటా జనవరి 1న అందరూ మళ్లీ మొదటి మెట్టుకి దిగుతారు. చందాదారు కొంటే ఫొటోకి 10 సెంట్లే రావొచ్చు, ఆ లెక్కన డబ్బు తీసుకోవడానికి చేరాల్సిన 25 డాలర్లకి 250 అమ్మకాలు. అడోబీలో ఫొటోలకి 33 శాతం, అక్కడా 25 డాలర్లు చేరితేనే తీసుకోగలరు, పైగా మొదటి అమ్మకం తర్వాత 45 రోజులు ఆగాలి. నెల జీతం లాగా ఊహించుకోకండి.

ట్యాక్స్ ఫారం పేరు డబ్ల్యూ-8బెన్, మీరు అమెరికా వాసి కాదని చెప్పే పత్రం. అది నింపకపోతే అమెరికాలో జరిగిన అమ్మకాల మీద 30 శాతం కోత, భారత్-అమెరికా ఒప్పందం కింద నింపితే 15. విదేశీ పన్ను నంబరు అడిగిన చోట పాన్ వేయండి. పేరు పాన్ మీద ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా. ఖాతాలో ఇంటిపేరు పొట్టి అక్షరం, పాన్‌లో పూర్తిగా ఉంటే ఫారం వెనక్కి వస్తుంది. ఈ రాబడిని ఇక్కడి రిటర్న్‌లో చూపించి, అక్కడ కోసిన పన్నుకి క్రెడిట్ అడగొచ్చు.

పేపాల్ అయితే వచ్చిన డాలర్లు రూపాయలై తనంతట తనే బ్యాంకు ఖాతాకి వెళ్తాయి, ముందుగా పర్పస్ కోడ్ (డబ్బు దేనికి వచ్చిందో చెప్పేది) ఎంచుకోవాలి. మారకంలో కొంత పోతుంది.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలండీ. ఒకే ఫొటో రెండు సైట్లలో పెట్టొచ్చా? తిరస్కరించినవి మళ్లీ పంపొచ్చా?

ఎఫ్8_చాలు:
ఎక్స్‌క్లూజివ్ (ఒక్క సైట్‌కే ఇస్తానన్న) ఒప్పందం చేసుకోనంతవరకు ఎన్ని సైట్లలోనైనా పెట్టొచ్చు. తిరస్కరించినవాటిని సరిదిద్దాకే పంపండి, పేరు మార్చి అదే ఫైలు పదేపదే పంపితే ఖాతాకే ముప్పు. ఫోకస్ తప్పింది ఎలాగూ బాగుపడదు, పెసరట్టు ఇంకోటి వేసుకోండి.