ట్రేసింగ్ పేపరు మీద మల్లెమొగ్గలు తెల్లబడటం లేదు, చిరుగుతున్నాయి

కాగితంపూలు:
అక్క కూతురి ఓణీల వేడుకకు పార్చ్‌మెంట్ క్రాఫ్ట్ పద్ధతిలో, అంటే చూపు దూరే కాగితాన్ని వెనక నుంచి రుద్ది తెల్లటి ఉబ్బెత్తు బొమ్మలు తేల్చే పద్ధతిలో, ఆహ్వానాలు చేతితోనే చేస్తున్నాను. నడుమ మెలికల ముగ్గు, చుట్టూ మల్లెమొగ్గల అంచు. ఈ పనికి ప్రత్యేకంగా వచ్చే కాగితం మా ఊళ్లో లేదు. ఇంజినీరింగ్ విద్యార్థులు కొనే ట్రేసింగ్ పేపరు తెచ్చాను. తెల్ల పెన్సిలుతో గీత దించడం వరకు బాగుంది. వెనక నుంచి గుండు మొన పనిముట్టుతో రుద్దితే మొగ్గ బూడిద రంగులోనే ఉండిపోతోంది, ఇంకాస్త నొక్కితే ఫట్టుమంటోంది. నీటి రంగు తగిలితే కాగితమంతా ముడతలు. లోపం కాగితంలోనా, నా చేతిలోనా?

పాత డ్రాఫ్ట్స్‌మన్, కాకినాడ:
అమ్మా, ఉద్యోగమంతా ఆ కాగితం మీదే గడిపినవాణ్ణి, దాని పొగరు నాకు తెలుసు. మీరు తెచ్చింది బహుశా చదరపు మీటరుకు 90 గ్రాముల రకం. ఈ పనికి 140, 150 గ్రాములది వాడతారు. పెద్ద స్టేషనరీ దుకాణంలో కనీసం 110 దాటినది అడగండి. వంటింటి బటర్ పేపరు జోలికి మాత్రం పోవద్దు. దానికి చాలాసార్లు సిలికాన్ పూత ఉంటుంది, పెన్సిలు కూడా సరిగా అంటదు.

ఇక తెల్లదనం సంగతి. పీచును మెత్తగా నలగ్గొట్టి, మధ్యన గాలి మిగలకుండా చేస్తారు కాబట్టే ఆ కాగితంలోంచి చూపు పోతుంది. మీరు రుద్దితే పీచు సాగి మళ్లీ సన్నని ఖాళీలు పడతాయి, వెలుతురు అక్కడ చెదిరి తెల్లగా కనబడుతుంది. కాబట్టి కావలసింది సాగదీయడం, పొడవడం కాదు. అన్నిటికన్నా పెద్ద గుండుతో మొదలుపెట్టి మొగ్గంతా తేలిగ్గా, గుండ్రంగా తిప్పండి. అద్దం మీద ఆవిరి పట్టినట్టు కనిపించగానే ఆపి పక్క మొగ్గకు వెళ్లండి. కాసేపయ్యాక తిరిగొచ్చి మరోసారి రుద్దండి. చిన్న గుండు చివర్లో, రేకుల అంచులకు మాత్రమే. మొనను అప్పుడప్పుడు కొవ్వొత్తికి రాస్తే జారుతుంది. కింద పాత మౌస్ ప్యాడ్ చాలు. గట్టి బల్ల మీద పెడితే ఎవరి చేతిలోనైనా చిరుగుతుంది.

నీళ్లంటే ఈ కాగితానికి పడదు. మా సముద్రపు గాలికి, రాత్రి బోర్డుకు బిగించిన నక్షా తెల్లారేసరికి ఉబ్బి ఉండేది. ఆయిల్ పేస్టల్ వెనకవైపు పల్చగా వేసి దూదితో రుద్దండి. అదీ మొగ్గలు ఉబ్బించక ముందే. అరచేతి కింద ఒక కాగితం ముక్క వేసుకోండి, చెమట మరక పోదు.

ధర్మవరం అల్లుడు:
డ్రాఫ్ట్స్‌మన్ గారు రంధ్రాల సంగతి వదిలేశారు. అంచుకు జాలీ (జల్లెడలాంటి అల్లిక) కావాలంటే ముందు నాలుగు సూదుల పనిముట్టుతో పైపైన గుచ్చండి, తర్వాత మొగ్గలు ఉబ్బించండి, చివర మళ్లీ అవే రంధ్రాల్లో లోతుగా గుచ్చండి. నాలుగు రంధ్రాల మధ్య సన్న కత్తెరతో కత్తిరిస్తే కూడిక గుర్తు ఆకారంలో ఖాళీ వస్తుంది. లాగవద్దు, మణికట్టు కొద్దిగా తిప్పితే ముక్క తానే ఊడుతుంది.

దగ్గర్లో ఉంటే ఒకసారి మా ధర్మవరం పక్కనున్న నిమ్మలకుంట వెళ్లి రండి. అక్కడ మేకతోలును పల్చగా గీకి, వెలుతురు దూరేలా చేసి, చిన్న ఉలులతో తొలిచి తోలుబొమ్మలు చేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మ మెడలో హారం అంటే వరుసగా తొలిచిన రంధ్రాలే, దీపం వెనక పెడితేనే నగ అవుతుంది. మీ ముగ్గు చుక్కలను కూడా గీయకుండా గుచ్చి చూడండి. యూరప్ కార్డుల పూలతీగల కన్నా మన ముగ్గే ఈ పనికి బాగా కుదురుతుందని నా పంతం.

కాగితంపూలు:
చాలా సంతోషం. పెద్ద గుండుతో మెల్లగా రుద్దితే మొగ్గ తెల్లబడింది! వేడుక తేదీ, చిరునామా ఈ కాగితం మీదే ప్రింటరుతో వేయవచ్చా? వెనక అట్టకు జిగురుతో అంటించాలా?

పాత డ్రాఫ్ట్స్‌మన్, కాకినాడ:
ఇంక్‌జెట్ సిరా దీని మీద తొందరగా ఆరదు, వేలు తగిలితే అలుక్కుపోతుంది. అక్షరాలు లోపలి అట్ట మీద వేయించండి. జిగురు మరక ముందువైపుకు కనబడుతుంది కాబట్టి మడత దగ్గర సన్న రిబ్బనుతోనో దారంతోనో కుట్టేయండి. వెనక అట్ట ముదురు రంగులో ఉండాలి, తెల్ల అట్ట పెడితే మీ పనంతా కనబడకుండా పోతుంది.