కూస్ బెకర్ గురించి తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి

అందరికీ నమస్కారం. దక్షిణాఫ్రికాలో పుట్టిన కూస్ బెకర్ మీద ఎంబీఏ సెమినార్ పేపర్ రాస్తున్నాను. 1986లో మొదలైన ఎం-నెట్ పే టీవీ వెనక ముఖ్యుడు ఆయనే. అప్పట్లో డీకోడర్ పెట్టె లేకపోతే బొమ్మంతా గజిబిజి. సాయంత్రం కాసేపు మాత్రం అందరికీ ఉచితం. రుచి చూపించి చందా కట్టించడం ఎంత తెలివైన పని! తర్వాత నాస్పర్స్ అనే దక్షిణాఫ్రికా మీడియా కంపెనీ పగ్గాలు పట్టి, జీతం వద్దని షేర్ల మీదే పనిచేశారు.

నాకు అంతుపట్టనిది 2001 నాటి సంగతి. చైనాలో అంతకుముందే చేతులు కాల్చుకున్న నాస్పర్స్, మళ్లీ అక్కడే టెన్సెంట్ అనే ఇంటర్నెట్ కంపెనీలో 3.2 కోట్ల డాలర్లు ఎందుకు పెట్టింది? టీవీ చందాల అనుభవం ఆయనకు అక్కడ పనికొచ్చిందా? దక్షిణాఫ్రికాలో ఉంటున్న తెలుగువాళ్లు, మీడియా వ్యాపారం తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. ఆయన పాత ఇంటర్వ్యూలు ఎక్కడ దొరుకుతాయో చెప్పినా చాలా మేలు చేసినవాళ్లవుతారు.