అద్దె ఇంటి ఫోటోలు: గది చీకటి, కిటికీ తెల్లముద్ద, గోడలు వంకర. ఎలా తీయాలి?

గడపదాటి (ప్రశ్న)

రెండు బెడ్‌రూముల ఇల్లు త్వరలో ఖాళీ అవుతోంది, ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టాలి. ఫోన్‌తో తీస్తుంటే కిటికీ పడిన ప్రతి ఫోటోలోనూ కిటికీ తెల్లగా పేలిపోయి గది చీకటిగా ఉంటోంది. గోడలు పైకి వెళ్లేకొద్దీ లోపలికి వాలుతున్నాయి. 0.5 (వెడల్పు) లెన్స్ పెడితే గదంతా పడుతోంది కానీ ఉన్నదానికన్నా బాగా పెద్దదిగా కనిపిస్తోంది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు గుమ్మంలోనే నిరుత్సాహపడకూడదు. ఫోటోగ్రాఫర్ లేకుండా ఎంతవరకు బాగా తీయొచ్చు? ఎన్ని ఫోటోలు పెట్టాలి, ఏ వరసలో? ఇప్పుడున్న కుటుంబం ఇంకా సర్దుకోలేదు, వాళ్ల సామాను ఉండగానే తీయొచ్చా?

నిలువుగీత

ముందు గోడల సంగతి. ఫోన్ ఏమాత్రం పైకి వంగినా నిలువు గీతలు పైన దగ్గరవుతాయి, కిందికి వంగితే కింద దగ్గరవుతాయి. కాబట్టి ఫోన్‌ని గోడలాగే నిట్టనిలువుగా పట్టుకోవాలి. కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు ఆన్ చేసి, తలుపు చట్రాన్ని ఆ నిలువు గీతతో సరిచూసుకోండి.

ఎత్తు కూడా ముఖ్యమే. చాలామంది కంటి ఎత్తున పట్టుకుంటారు. అప్పుడు ఫ్రేములో సీలింగ్ ఎక్కువై నేల తగ్గుతుంది, నేల కోసం ఫోన్ కిందికి వంచుతారు, గోడలు వంకరవుతాయి. నేల నుంచి సుమారు 4 అడుగుల ఎత్తు, అంటే ఛాతీకి కాస్త కింద, మామూలు గదులకు సరిపోతుంది. వంటగదిలో మాత్రం 4.5 అడుగుల దాకా లేపండి, లేకపోతే వంటగట్టు పైభాగం సరిగా కనిపించదు, సన్నటి పట్టీలా పడుతుంది. చిన్న ట్రైపాడ్, ఫోన్ హోల్డర్, 3 సెకన్ల టైమర్ ఉంటే చాలు, వేలు తగిలి ఫోటో అదరదు.

ఇక లెన్స్. ఫోన్లో మామూలు 1x లెన్స్ పెద్ద కెమెరాల (ఫుల్‌ఫ్రేమ్) లెక్కలో సుమారు 24 నుంచి 26 మి.మీ., 0.5 దాదాపు 13; అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెడల్పు పడుతుంది. ఇళ్ల ఫోటోలకు 16 నుంచి 24 మధ్య బాగుంటుంది. 13 దగ్గర ఎదురుగోడ దూరంగా జరిగిపోతుంది, అంచుల్లో ఉన్న మంచం, కమోడ్ సాగిపోతాయి. అందుకే గది బయటికి వెళ్లి గుమ్మంలోంచి 1x తో తీయండి. చాలకపోతే రెండు వేళ్లతో 0.7 దాకా తగ్గించండి, అది దాదాపు 18 మి.మీ. కోణం. ఎక్కువ ఫోన్లలో ఇది 0.5 లెన్స్ బొమ్మనే కోసి ఇస్తుంది, వెలుతురు తక్కువైతే గింజల్లాంటి చుక్కలు కనిపిస్తాయి, కాబట్టి పగలే తీయాలి. పూర్తి 0.5 ని బాత్రూముకి, ఇరుకు వరండాకి మాత్రమే ఉంచుకోండి.

గోడకు ఎదురుగా నిలబడి, ఆ గోడ రెండు అంచులూ కనిపించేలా తీస్తే గది వెడల్పు తెలుస్తుంది. మూలలోంచి తీస్తే లోతు తెలుస్తుంది. ప్రతి గదికి ఈ రెండూ తీసి చూసుకోండి, మంచిది ఒక్కటే పెట్టండి.

పగటివెలుగు

కిటికీ సమస్యకి మందు సమయమే. ఎండ నేరుగా పడే కిటికీ ఉన్న గదిని ఆ వేళ తీయకండి. తూర్పు గదులు మధ్యాహ్నం దాటాక, పడమటి గదులు పొద్దున. అప్పుడు బయటికీ లోపలికీ వెలుగు తేడా తగ్గి ఫోన్ రెండింటినీ పట్టుకోగలుగుతుంది. కిటికీ పక్కనున్న గోడ మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ (ఫోటోలో వెలుగు ఎంతన్నది) లాక్ చేసి, కాస్త కిందికి లాగండి. కొంచెం చీకటిగా వచ్చిన ఫోటోలో నీడలను తర్వాత పైకి లేపొచ్చు, పూర్తిగా తెల్లబడ్డ కిటికీలోంచి మాత్రం ఏమీ తిరిగి రాదు.

డిఎస్ఎల్ఆర్ లాంటి కెమెరా దొరికితే ఐఎస్ఓ (వెలుగుకి స్పందించే స్థాయి) 100, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8, ట్రైపాడ్ మీద రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు లేదా సగం) తేడాతో మూడు ఫోటోలు తీసి కలపండి. కలిపేటప్పుడు కదిలే వస్తువులు దెయ్యం నీడల్లా పడతాయి, కాబట్టి ఫ్యాను ఆపండి, కర్టెన్ ఊగకుండా కట్టేయండి. ఫోన్ తనంతట తానే ఇలా కలిపే హెచ్‌డిఆర్‌కీ ఇదే వర్తిస్తుంది.

దీపాల విషయంలో నా మాట గట్టిది: కిటికీ ఉన్న గదిలో అన్నీ ఆపేయండి. వెలుగు రంగుని కెల్విన్లలో కొలుస్తారు: పగటి వెలుగు సుమారు 5500 కెల్విన్, పసుపు బల్బు 2700 నుంచి 3000. రెండూ కలిస్తే ఒక గోడ నీలంగా, ఇంకో గోడ నారింజగా వస్తుంది, ఏ ఫిల్టరూ రెండింటినీ ఒకేసారి సరిచేయలేదు. ఫ్లాష్ అసలు వద్దు, దగ్గరి వస్తువు తెల్లబడి దాని వెనక నల్లటి నీడ పడుతుంది.

మూడోగది

@పగటివెలుగు, ఒక్క మినహాయింపు. పగలు కూడా దీపం లేకుండా వాడలేని గదిని దీపాలతోనే చూపించాలి. అక్కడ అన్ని బల్బులూ ఒకే రంగువి పెట్టి, తలుపు మూసి, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా చేసే సెట్టింగ్) చేత్తో అమర్చండి. ఎల్‌ఈడీ కింద అడ్డచారలు వస్తే కారణం కరెంటు: 50 హెర్ట్జ్ సరఫరాలో దీపం సెకనుకి 100 సార్లు మినుకుతుంది. కెమెరా యాప్‌లో సెట్టింగులు మనమే అమర్చుకునే ప్రో మోడ్‌లో షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకను పెడితే చారలు పోతాయి. సరఫరా 60 హెర్ట్జ్ అయితే 1/60 లేదా 1/120.

లెన్స్ తుడవడం మరిచిపోవద్దు. వేలి జిడ్డు ఉంటే కిటికీ చుట్టూ పొగమంచులాంటి తెలుపు వస్తుంది, దాన్ని కెమెరా లోపమనుకుంటారు.

తాళంచెవి

సామాను ఉండగా తీయడం గురించి. ముందుగా చెప్పి, వాళ్ల ఒప్పుకోలు తీసుకునే వెళ్లండి. వాళ్ల కుటుంబ ఫోటోలు, మందులు, కాగితాలు, పిల్లల స్కూలు బ్యాగులు, వైఫై పాస్‌వర్డ్ రాసిన చీటీ, గోడకు వేలాడే తాళంచెవులు ఏవీ ఫ్రేములో ఉండకూడదు. తాళంచెవి పళ్లు స్పష్టంగా పడితే ఫోటో చూసి నకలు చేయించొచ్చు, అందుకే దీన్ని నొక్కి చెబుతున్నాను. అద్దాల్లో, టీవీ తెరలో మీరూ ఇంట్లోవాళ్లూ ప్రతిబింబించకుండా పక్కకు నిలబడండి. వీలైతే ఖాళీ అయ్యి, గోడలు కడిగాక మళ్లీ తీసి ఫోటోలు మార్చండి. అయితే పూర్తి ఖాళీ గది కొలత తెలియనివ్వదు, ఒక కుర్చీయో మంచమో ఉంటే చూసేవాళ్లకి అంచనా దొరుకుతుంది.

ఫోటో ఫైల్లో జీపీఎస్ లొకేషన్ దాగి ఉండొచ్చు. పెట్టేముందు దాన్ని తీసేయండి, చాలా ఫోన్లలో షేర్ చేసేటప్పుడే ఆ ఆప్షన్ కనిపిస్తుంది. ఖాళీ ఇంటి చిరునామా అందరికీ తెలియడం మంచిది కాదు. ఫోటోలు దొంగిలించి వేరే పేరుతో అడ్వాన్సు వసూలు చేసే మోసాలు ఉన్నాయి, అందుకని చిన్న వాటర్‌మార్క్ (ఫోటో మీద మీ పేరు ముద్ర) మధ్యకి దగ్గరగా వేయండి. మూలలో వేస్తే కోసేస్తారు.

గడపదాటి

చాలా ఉపయోగం అండీ. వరస, సంఖ్య గురించి కూడా ఎవరైనా చెప్పండి. ఇంకొకటి, బాత్రూములో ఒక టైలు పగిలింది, కిటికీకి ఎదురుగా కరెంటు స్తంభం ఉంది. ఎడిటింగ్‌లో తీసేయొచ్చా?

మూడోగది

స్తంభం తీసేయకండి. అక్కడ శాశ్వతంగా ఉండేది ఫోటోలోనూ ఉండాలి. తుడిచేస్తే వచ్చినవాళ్లు మొదట దాన్నే చూస్తారు, ఆ తర్వాత మీరు అద్దె గురించి, అడ్వాన్సు గురించి చెప్పే ఏ మాటా నమ్మరు. టైలు బాగుచేయించి తీయండి, చేయించలేకపోతే ఉన్నది ఉన్నట్టే చూపండి. వెలుగు, రంగు, గోడ వంకర సరిచేయడం వరకు న్యాయం. ఆకాశం మార్చడం, లేని ఫర్నిచర్ కలపడం చేస్తే ఆ ఫోటో కిందే ఆ సంగతి రాయాలి.

రెండు బెడ్‌రూములకి 12 నుంచి 15 ఫోటోలు చాలు. ఒకే గది నాలుగు కోణాల్లో పెడితే ఎన్ని గదులున్నాయో అర్థంకాదు. మొదటి ఫోటోకి ఇంటి ముందుభాగం కన్నా వెలుగున్న హాలు నయం, జాబితాలో అది వేలెడంత బొమ్మగా కనిపిస్తుంది, అంత చిన్నగా చూసినా గది అని తెలియాలి. తర్వాత మనిషి లోపలికి నడిచే వరసలోనే వెళ్లండి: హాలు, వంటగది, బెడ్‌రూములు, బాత్రూములు, బాల్కనీ, పార్కింగ్, చివర భవనం బయటి వైపు. నీళ్ల ట్యాంకు, మీటర్లు, గ్యాస్ పెట్టే చోటు, వాషింగ్ మెషిన్ పాయింటు ఒక్కో ఫోటో పెడితే ఫోన్లో వచ్చే సగం ప్రశ్నలకి ముందే జవాబు దొరుకుతుంది. కమోడ్ మూత వేసి ఉండాలి.

ప్రతి ఫోటో కింద గది కొలత రాయండి, టేపుతో గోడ నుంచి గోడకి కొలిచి. "10 x 11 అడుగులు" అని కనిపిస్తే వెడల్పు లెన్స్ చేసే మాయ దానంతట అదే తగ్గిపోతుంది. చేత్తో గీసిన చిన్న ప్లాను ఒకటి జతచేస్తే ఇంకా మంచిది.

నిలువుగీత

చివరగా ఫైలు. అడ్డంగా, 4:3 లో తీయండి, నిలువు ఫోటోలను చాలా సైట్లు పక్కల నల్లచారలతో చూపిస్తాయి. పొడవైన వైపు 2048 పిక్సెల్స్, జేపెగ్ నాణ్యత 80 నుంచి 85 సరిపోతుంది. వాట్సాప్‌లో ఏజెంటుకి పంపేటప్పుడు మామూలు ఫోటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా జతచేయండి. అలా పంపితే లొకేషన్ వివరం కూడా ఫైల్లోనే ఉండిపోతుంది, కాబట్టి @తాళంచెవి చెప్పినట్టు ముందే తీసేశాకే పంపండి.